రెండో గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు ఇవన్నీ చూసుకోండి

మా బాబాయి కొడుకు కరీంనగర్ నుంచి ఒక రాత్రి పదకొండింటికి ఫొటో పంపాడు. సెకండ్ హ్యాండ్ ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 12 జీబీ మెమరీది. కింద మెసేజ్: "అన్నా, నా దగ్గర ఇలాంటిదే ఒకటుంది కదా, ఇది కూడా పెడితే 24 జీబీ అవుతుంది, 4070 కార్డు కన్నా బాగా ఆడుతుందా? అమ్మేవాడు పొద్దునకల్లా చెప్పమంటున్నాడు."

వద్దురా అన్నాను. సెకనుకు ఒక్క ఫ్రేమ్ (కార్డు తెరమీద గీసే ఒక్కో బొమ్మ) కూడా పెరగదు. 3060 మీద రెండో కార్డుతో కలిపే కనెక్టరే ఉండదు, డ్రైవర్‌లో ఆ ఆప్షన్ కూడా ఉండదు, 12కి 12 కలిస్తే గేమ్‌కి 24 అవ్వదు. వాడు ఆగాడు. కానీ ఇదే ప్రశ్న నన్ను కనీసం పది మంది అడిగి ఉంటారు, పది మందికీ ముక్కలు ముక్కలుగా చెప్పాను, అందుకే మొత్తం ఒకచోట వరసగా రాస్తున్నాను. గేమింగ్ కోసం రెండు కార్డులు నూటికి తొంభై మందికి దండగ అనేది నా అభిప్రాయం. మిగిలిన ఆ కొద్దిమందికి మాత్రం నిజంగా పనికొచ్చే దారి ఒకటుంది, దాన్ని ఎలా సెట్ చేసుకోవాలో కూడా చివర్లో రాశాను.

మొదటి పని: అసలు కార్డే తక్కువైందా, ఇంకేదైనా తక్కువైందా?

డబ్బు తీసే ముందు ఒక అరగంట దీనికి పెట్టండి. కార్డు ఎంత పనిచేస్తోందో చూపించే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉచితంగా దొరుకుతుంది, దాంతోపాటు ఆ అంకెల్ని గేమ్ మీదే చూపించే రివాట్యూనర్ కూడా వస్తుంది. ఆన్-స్క్రీన్ డిస్‌ప్లేలో నాలుగు అంకెలు పెట్టుకోండి: జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) యూసేజ్, ఒక్కో కోర్ సీపీయూ (ప్రాసెసర్) యూసేజ్, వీర్యామ్ (కార్డు సొంత మెమరీ) వాడకం, ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కి పట్టే సమయం) గ్రాఫ్. మీకు ల్యాగ్ వస్తున్న గేమ్‌ని, ల్యాగ్ వచ్చే చోటే, ఇరవై నిమిషాలు ఆడండి.

జీపీయూ యూసేజ్ 95 దాటి అక్కడే నిలబడితే కార్డు తన శక్తంతా పెట్టేస్తోందని అర్థం, కార్డు గురించి ఆలోచించడంలో తప్పు లేదు. అదే 60, 65 దగ్గర ఊగుతూ ఫ్రేములు పడిపోతుంటే కార్డు ఖాళీగా కూర్చుని ఎవరికోసమో ఎదురుచూస్తోందన్నమాట. ఆ ఎవరో సీపీయూ కావచ్చు, ర్యామ్ కావచ్చు. నిర్ధారించుకోవడానికి రెజల్యూషన్‌ని 1080 నుంచి 720కి దించి చూడండి. ఫ్రేములు పెద్దగా పెరగకపోతే మీరు రెండు కాదు, నాలుగు కార్డులు పెట్టినా తేడా రాదు.

మా తమ్ముడితో ఇదే చేయించాను. యూసేజ్ 58 నుంచి 70 మధ్య తిరుగుతోంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ ట్యాబ్ ఫొటో పంపమన్నాను, "స్లాట్స్ యూస్డ్: 1 ఆఫ్ 4" అని ఉంది. పీసీ అసెంబుల్ చేయించినప్పుడు 16 జీబీని ఒకే స్టిక్‌గా వేశారు, అంటే సింగిల్ ఛానెల్‌లో, డేటాకి రెండు దారులుండాల్సిన చోట ఒకే దారితో నడుస్తోంది. అలాంటిదే ఇంకో స్టిక్ తెప్పించి, మదర్‌బోర్డు బుక్‌లో చెప్పిన జత స్లాట్లలో పెట్టాడు. ఆ గేమ్‌లో కుదుపులు చాలావరకు పోయాయి. బడ్జెట్ పీసీల్లో ఈ సింగిల్ స్టిక్ సమస్య ఎంత మామూలో చెప్పలేను, దయచేసి ముందు అది చూసుకోండి.

ఇక్కడే ల్యాప్‌టాప్ వాళ్లకు ఒక మాట. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ 0, జీపీయూ 1 అని రెండు కనిపించగానే రెండు కార్డులు కలిసి పనిచేస్తాయని అనుకోకండి. ఒకటి ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న గ్రాఫిక్స్, బ్యాటరీ ఆదా చేయడానికి. రెండోది అసలు గేమింగ్ చిప్. గేమ్‌ని నడిపేది ఒక్కటే.

రెండోది: రెండు కార్డుల పద్ధతి ఎలా నడిచేదో, ఎందుకు ఆగిందో తెలుసుకోండి

ఇది చరిత్ర కదా, నాకెందుకు అనుకోవద్దు. ఇది తెలియకపోవడం వల్లే పాత వీడియోలు చూసి జనం మోసపోతున్నారు.

1998లో త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ వూడూ2 అనే కార్డు తెచ్చింది. రెండు వూడూ2లను కేబుల్‌తో కలిపితే తెరమీద గీతల్లో సరి గీతలు ఒకటి, బేసి గీతలు ఇంకొకటి గీసేవి. దాన్నే ఎస్‌ఎల్‌ఐ అన్నారు. ఒక్క కార్డు 800 బై 600 దగ్గర ఆగిపోతే, రెండు కలిస్తే 1024 బై 768 వచ్చేది. ఆ రోజుల్లో అది చాలా పెద్ద తేడా. 2000 చివర్లో త్రీడీఎఫ్ఎక్స్ ఆస్తులను ఎన్విడియా కొనేసింది, 2004లో జీఫోర్స్ 6 సిరీస్‌తో అదే ఎస్‌ఎల్‌ఐ పేరును వేరే అర్థంతో, వేరే పద్ధతితో మళ్లీ తెచ్చింది. ఆ మరుసటి ఏడాది పోటీ కంపెనీ ఏటీఐ క్రాస్‌ఫైర్ అనే తన పద్ధతితో వచ్చింది, తర్వాత ఏటీఐని ఏఎండీ కొనేసింది.

ఈ రెండోసారి వచ్చిన పద్ధతిలో ఎక్కువగా వాడింది వంతులు వేసుకోవడం: ఒక ఫ్రేమ్ మొదటి కార్డు గీస్తుంది, తర్వాతి ఫ్రేమ్ రెండోది. మన ఇళ్లలో ఒకే రోట్లో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కారం దంచడం చూశారా, ఒక రోకలి లేస్తుంటే ఇంకో రోకలి పడుతుంది, లయ కుదిరితే పని సగం టైమ్‌లో అయిపోతుంది. లయ తప్పితే మాత్రం రెండు రోకళ్లూ ఒకదాని వెంట ఒకటి గబగబా పడి, ఆ తర్వాత కాసేపు ఏదీ పడదు. కార్డుల్లో కూడా సరిగ్గా ఇదే జరిగేది.

లెక్క చూడండి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు. రెండు కార్డుల లయ తప్పి ఒక ఫ్రేమ్ 8 మిల్లీసెకన్లకు, తర్వాతిది 25కి, మళ్లీ 8, మళ్లీ 25 అలా వస్తే సగటు 16.5 మాత్రమే. మూలన ఉన్న కౌంటర్ 60 అని చూపిస్తుంది. మీ కంటికి మాత్రం ఆ 25లే తగులుతాయి, అంటే దాదాపు 40 ఫ్రేముల గేమ్‌లా అనిపిస్తుంది. దీన్నే మైక్రో స్టట్టర్ అన్నారు. 2013లో ఫ్రేములను విడివిడిగా కొలిచే పరికరాలు రివ్యూ చేసేవాళ్ల చేతికొచ్చాక ఈ సమస్య ఎంత పెద్దదో అందరికీ గ్రాఫుల్లో కనపడింది, ఏఎండీ అదే ఏడాది ఫ్రేముల మధ్య ఎడం సరిచేసే డ్రైవర్ కూడా ఇచ్చింది.

నేను ఒకప్పుడు రెండు ఒకేరకం 4 జీబీ కార్డులు బ్రిడ్జ్‌తో (రెండు కార్డుల్ని కలిపే చిన్న ముక్కతో) కలిపి దాదాపు ఏడాదిన్నర వాడాను. ఒక రేసింగ్ గేమ్‌లో కౌంటర్ 90 చూపిస్తుంటే మలుపుల దగ్గర రోడ్డు పక్క కంచె చిన్నచిన్న ముక్కలుగా గెంతుతూ కదిలేది, ఒక కార్డు తీసేస్తే కౌంటర్ 58కి దిగేది గానీ కంచె నీళ్లలా సాగేది. చివరికి ఆ గేమ్ ఒక్క కార్డుతోనే ఆడాను. పై కార్డు ఫ్యాన్‌కి, కింది కార్డు వెనక పలకకి మధ్య వేలు దూరేంత సందు కూడా లేదు, పైది 84 డిగ్రీలు, కిందిది 69. వేసవిలో క్యాబినెట్ పక్క తలుపు తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టుకుని ఆడిన రోజులున్నాయి.

అయినా ఈ పద్ధతిని చంపింది వేడి కాదు, స్టట్టర్ కూడా కాదు. ఫ్రేముల మధ్య బంధం చంపింది. ఇప్పటి గేముల్లో అంచులు నునుపు చేసే టీఏఏ, చిన్న రెజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ కొత్త వెర్షన్లు అన్నీ ముందు ఫ్రేములో ఏముందో చూసుకుని ఇప్పటి ఫ్రేమ్‌ని తయారుచేస్తాయి. ముందు ఫ్రేమ్ పక్క కార్డు దగ్గరుంటే? అది పూర్తయ్యేదాకా ఆగాలి, పూర్తయ్యాక దాన్ని తెచ్చుకోవాలి. వంతులు వేసుకుని లాభమేమిటి ఇంక.

రెండో కారణం బాధ్యత ఎవరిదనేది. గేమ్‌కీ కార్డుకీ మధ్య మాటలు నడిపే డైరెక్ట్‌ఎక్స్ 11 దాకా ఈ పంపకం డ్రైవర్ చూసుకునేది, ఒక్కో గేమ్‌కి ఎన్విడియా, ఏఎండీ వాళ్లే ప్రొఫైల్ (పని ఎలా పంచాలో చెప్పే సెట్టింగులు) రాసిచ్చేవాళ్లు. డైరెక్ట్‌ఎక్స్ 12, అలాంటిదే అయిన వల్కన్ వచ్చాక ఆ పని గేమ్ చేసేవాళ్ల నెత్తిన పడింది. ప్లేస్టేషన్‌లో, ఎక్స్‌బాక్స్‌లో ఉండేది ఒకే గ్రాఫిక్స్ చిప్, పీసీల్లో రెండు కార్డులు ఉన్నవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత. వాళ్లకోసం ఎవరు నెలలు నెలలు పనిచేస్తారు? ఒకటీ అరా తప్ప ఎవరూ చేయలేదు.

మూడోది: మీ కార్డుకు ఆ సౌకర్యం ఉందా?

ఎన్విడియాలో జీటీఎక్స్ 1060 వచ్చిన 2016లోనే మధ్యతరగతి కార్డులకు ఎస్‌ఎల్‌ఐ తీసేశారు. 1070, 1080, 1080 టీఐలకు ఉంది. 20 సిరీస్‌లో 2070 సూపర్, 2080, 2080 సూపర్, 2080 టీఐలకు ఎన్‌వీలింక్ (ఎస్‌ఎల్‌ఐకి కొత్త తరం బ్రిడ్జ్) కనెక్టర్ ఉంది, మామూలు 2070కి, 2060కి లేదు. 30 సిరీస్‌లో 3090, 3090 టీఐలకు మాత్రమే. 40 సిరీస్‌లో 4090కి కూడా తీసేశారు, 50 సిరీస్‌లో దేనికీ లేదు. పైగా 2021 జనవరి 1 నుంచి కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు ఇవ్వబోమని ఎన్విడియా ముందే ప్రకటించింది. ఏఎండీ వైపు 2019లో ఆర్‌ఎక్స్ 5700 వచ్చేసరికే క్రాస్‌ఫైర్ లేదు.

సరే, మీ దగ్గర రెండు 2080 టీఐలు, బ్రిడ్జ్ ఉన్నాయనుకుందాం. ఏ గేములు వాడుకుంటాయి? సొంతంగా రెండు కార్డుల సపోర్ట్ రాసుకున్నవాటిలో షాడో ఆఫ్ ద టూంబ్ రైడర్, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 వల్కన్‌లో, స్ట్రేంజ్ బ్రిగేడ్, స్నైపర్ ఎలీట్ 4, సివిలైజేషన్ 6, యాషెస్ ఆఫ్ ద సింగ్యులారిటీ లాంటివి ఉన్నాయి. యాషెస్ అయితే ఎన్విడియా, ఏఎండీ కార్డులను కలిపి కూడా వాడగలిగింది. మంచి గేములే, కానీ అన్నీ ఆరేడేళ్లు దాటినవి, ఇప్పుడొచ్చే ఒక మామూలు కార్డు ఒక్కటే వాటిలో చాలావాటిని హాయిగా ఆడిస్తుంది.

వీర్యామ్ విషయం మళ్లీ చెప్తున్నాను, ఎందుకంటే అమ్మేవాళ్లు ఇక్కడే మాట మారుస్తారు. వంతులవారీ పద్ధతిలో రెండు కార్డులూ ఒకే సీన్ గీయాలి కాబట్టి టెక్స్చర్లన్నీ రెండింటిలోనూ ఉండాల్సిందే. ఒకే పుస్తకం రెండు కాపీలు కొంటే పేజీలు పెరుగుతాయా? 8, 8 కలిస్తే గేమ్ లెక్కలో 8 మాత్రమే.

నాలుగోది: మదర్‌బోర్డు స్లాట్, కళ్లతో చూడండి

రెండో కార్డు ఏ పని కోసమైనా సరే ఈ మెట్టు దాటాలి. మదర్‌బోర్డు మీద రెండు పొడుగు స్లాట్లు కనిపిస్తాయి, రెండూ ఒకటే అనిపిస్తాయి. పీసీ ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, ఫోన్ టార్చ్ వేసి కింది స్లాట్ లోపలికి చూడండి. పై స్లాట్‌లో బంగారు రంగు పిన్నులు ఈ చివర నుంచి ఆ చివరదాకా ఉంటాయి. చాలా బోర్డుల్లో కింది స్లాట్‌లో పిన్నులు కొంతదూరం వెళ్లి ఆగిపోతాయి, మిగతాదంతా ఖాళీ ప్లాస్టిక్. అంటే ఆకారం ఎక్స్16 (16 లేన్లు, అంటే డేటా వెళ్లే దారులు), లోపల వైరింగ్ ఎక్స్4 (నాలుగు) లేదా ఎక్స్1 (ఒకటే).

మామూలు ప్రాసెసర్లు గ్రాఫిక్స్‌కి 16 లేన్లే ఇస్తాయి. ఖరీదైన బోర్డులు వాటిని 8, 8గా పంచుతాయి. బి సిరీస్ (మధ్యస్థ ధర) బోర్డుల్లో రెండో స్లాట్ ఎక్కువగా ప్రాసెసర్ నుంచి కాక బోర్డు మీది చిప్‌సెట్ నుంచి నాలుగు లేన్లతో వస్తుంది, కొన్నిట్లో ఆ లేన్లనే ఎం.2 ఎస్‌ఎస్‌డీతో పంచుకుంటుంది, అక్కడ కార్డు పెడితే ఇక్కడ ఎస్‌ఎస్‌డీ మాయమవుతుంది. మీ బోర్డు మోడల్ నంబర్ పెట్టి కంపెనీ సైట్‌లో మాన్యువల్ దించుకుని ఎక్స్‌పాన్షన్ స్లాట్స్ పేజీ చదవండి. కార్డు పెట్టాక జీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ అనే గడిలో నిజంగా ఎన్ని లేన్లు నడుస్తున్నాయో తెలుస్తుంది. పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి టెస్ట్ నడిపితేనే సరైన అంకె చూపిస్తుంది, ఖాళీగా ఉన్నప్పుడు కార్డు వేగం తగ్గించుకుంటుంది.

అయిదోది: ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్, ఎండాకాలం

3060 ఒకటి 170 వాట్లు, 3090 ఒకటి 350, 4090 అయితే 450, 5090 ఏకంగా 575. రెండు 3090లంటే కార్డులకే 700 వాట్లు, ప్రాసెసర్, మిగతావి కలుపుకుంటే 1000 దాటుతుంది, మంచి కంపెనీ 1200 వాట్ల ఎస్‌ఎంపీఎస్ కావాలి. ఈ కార్డులు ఒక్కో క్షణం చెప్పిన అంకెకన్నా చాలా ఎక్కువ లాగుతాయి, చవక ఎస్‌ఎంపీఎస్‌లు ఆ క్షణంలోనే ఆఫ్ అయిపోతాయి. ఒక కేబుల్‌కున్న రెండు కొసలను రెండు కార్డులకు పంచకండి, కార్డుకో కేబుల్ వేయండి.

మన ఇళ్లలో ఇంకో సమస్య యూపీఎస్. ఎక్కువమంది వాడే 600 వీఏ యూపీఎస్ నిజానికి ఇచ్చేది 360 వాట్లు అటూ ఇటుగా. కరెంటు పోయిన క్షణంలో గేమ్ నడుస్తుంటే ఒక్క పెద్ద కార్డుకే అది చేతులెత్తేస్తుంది, రెండు కార్డులైతే చెప్పక్కర్లేదు. 6 ఆంప్స్ సాకెట్‌కి 230 వోల్టుల దగ్గర 1380 వాట్లే హద్దు. అదే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద మానిటర్, స్పీకర్లు, రౌటర్ అన్నీ పెట్టి నడిపితే ప్లగ్ వేడెక్కడం చేతికే తెలుస్తుంది. అలాంటప్పుడు 16 ఆంప్స్ పాయింట్ వాడండి.

బిల్లు లెక్క సులువు: అదనంగా 350 వాట్లు, రోజుకు 4 గంటలు, 30 రోజులు, మొత్తం 42 యూనిట్లు. అది మిమ్మల్ని పై స్లాబులోకి తోస్తుందేమో మీ బిల్లు చూసుకోండి. ఆ 350 వాట్లూ వేడిగా గదిలోకే వస్తాయి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో బయట 45 డిగ్రీలున్నప్పుడు మూసిన గదిలో చిన్న హీటర్ పెట్టుకున్నట్టే, దాన్ని చల్లార్చడానికి ఏసీ ఖర్చు వేరే.

ఆరోది: అదే డబ్బుతో ఒక్క మంచి కార్డు లెక్క వేయండి

కార్డుల ధరలు వారానికోసారి మారతాయి కాబట్టి అంకెలు ఇవ్వను, పద్ధతి ఇస్తాను. కాగితం మీద ఎడమవైపు రాయండి: రెండో కార్డు ధర, కొత్త ఎస్‌ఎంపీఎస్ కావాలంటే దాని ధర, క్యాబినెట్ ఫ్యాన్లు. కుడివైపు: ఎడమవైపు మొత్తం, దానికి మీ పాత కార్డు ఇప్పుడు అమ్మితే వచ్చేది కలపండి. కుడివైపు మొత్తానికి ఏ ఒక్క కార్డు వస్తుందో చూడండి. నేను ఎవరికి ఈ లెక్క వేసినా కుడివైపు కార్డే గెలిచింది, అదీ ప్రతి గేమ్‌లో, ఏ సెట్టింగూ మార్చకుండా.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో గానీ ఆన్‌లైన్‌లో గానీ సెకండ్ హ్యాండ్ కొంటుంటే బిల్లు అడగండి, సీరియల్ నంబర్‌తో కంపెనీ వారంటీ ఎప్పటిదాకా ఉందో చూడండి. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టోకరెన్సీ మైనింగ్ (కార్డులతో లెక్కలు చేయించి నాణేలు సంపాదించడం) ఆగిపోయాక గుట్టలు గుట్టలుగా మైనింగ్ కార్డులు మార్కెట్లోకొచ్చాయి, అవి ఇంకా చేతులు మారుతున్నాయి. మైనింగ్ కార్డంటే చెడ్డదని కాదు, కానీ ఫ్యాన్ల శబ్దం, మెమరీ వేడి తప్పక చూడాలి. మీ కళ్లముందు అరగంట బరువైన గేమో, బెంచ్‌మార్కో నడిపించండి. తెరమీద రంగు చుక్కలు, గళ్లు కనపడితే ఎంత చవకైనా వదిలేయండి. "ఈ రిగ్‌లో ఆరు కార్డులున్నాయి, గేమింగ్‌కి అదిరిపోద్ది" అంటే అసలు నమ్మకండి. మైనింగ్‌లో ఆరు కార్డులు ఆరు వేర్వేరు పనులు చేసుకునేవి, ఒకదానితో ఒకటి మాట్లాడాల్సిన అవసరమే లేదు.

ఏడోది: నిజంగా పనికొచ్చే చోటు, ఫ్రేమ్ జనరేషన్‌కి రెండో కార్డు

ఇప్పుడు అసలు ఆసక్తికరమైన భాగం. స్టీమ్‌లో లాస్‌లెస్ స్కేలింగ్ అనే చిన్న ప్రోగ్రామ్ తక్కువ ధరకే దొరుకుతుంది. గేమ్ గీసిన రెండు ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేముల్ని అల్లి చూపిస్తుంది, గేమ్‌కి సపోర్ట్ ఉండాల్సిన అవసరం లేదు. ఒకే కార్డు మీద నడిపితే గేమ్ శక్తిలో కొంత ఇది తినేస్తుంది, 60 వచ్చే గేమ్ 50కి పడి, ఆ 50ని 100 చేస్తుంది. అదే ఈ అల్లిక పనిని రెండో కార్డుకి అప్పగిస్తే మొదటి కార్డు తన 60 తను పూర్తిగా గీస్తుంది, రెండోది దాన్ని 120 చేస్తుంది. ఇక్కడ వంతుల్లేవు, ఎస్‌ఎల్‌ఐ అక్కర్లేదు, ఒకటి ఎన్విడియా ఒకటి ఏఎండీ అయినా ఫర్వాలేదు. అటకమీద పడేసిన పాత కార్డుకి పని దొరకడం నాకు నిజంగా సంతోషం అనిపించింది.

సెట్ చేసే వరస ఇది:

1. బలమైన కార్డు పై స్లాట్‌లో, పాతది కింది స్లాట్‌లో పెట్టండి. మధ్యలో ఒక స్లాట్ ఎడం ఉంటే మంచిది.

2. రెండింటి డ్రైవర్లూ వేయండి. మరీ పాత కార్డయితే రెండింటికీ సరిపడే డ్రైవర్ దొరుకుతుందో లేదో కొనకముందే చూడాలి, ఒకే కంపెనీవైతే మరీ ముఖ్యం.

3. మానిటర్ కేబుల్‌ని కింది కార్డుకి, అంటే ఫ్రేములు అల్లే కార్డుకి పెట్టండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కేబుల్ పై కార్డుకే ఉంటే ఫ్రేమ్ కిందికి వెళ్లి మళ్లీ పైకి రావాలి, రెండింతల ప్రయాణం. పాత కార్డు పోర్ట్ మీ మానిటర్ 144 హెర్ట్జ్‌ని, 1440 రెజల్యూషన్‌ని ఇవ్వగలదో లేదో కూడా చూసుకోండి.

4. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి డిఫాల్ట్ హై పెర్ఫార్మెన్స్ జీపీయూగా బలమైన కార్డుని ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. ఇది చేయకపోతే కేబుల్ ఎటుంటే గేమ్ అటే, అంటే పాత కార్డు మీదే నడిచే ప్రమాదముంది.

5. లాస్‌లెస్ స్కేలింగ్‌లో ప్రిఫర్డ్ జీపీయూగా కింది కార్డుని ఎంచుకోండి. మల్టిప్లయర్ 2 చాలు, 3, 4లకి పోతే చేతుల చుట్టూ, తెరమీది అక్షరాల చుట్టూ చెదిరినట్టు కనపడుతుంది.

6. గేమ్‌ని మీ కార్డు ఎప్పుడూ తగ్గకుండా ఇవ్వగల ఫ్రేముల దగ్గర కట్టేయండి. 70, 80 మధ్య ఊగుతుంటే 60కి లాక్ చేసి 120 చేసుకోవడం మేలు.

7. ఆడుతూ టాస్క్ మేనేజర్ చూడండి. గేమ్ బరువు బలమైన కార్డు మీద ఉండాలి, కింది కార్డు 80 శాతం దాటకూడదు. దాటితే ప్రోగ్రామ్‌లో ఫ్లో స్కేల్ (కదలికను ఎంత సూక్ష్మంగా లెక్కగట్టాలో చెప్పే సెట్టింగ్) తగ్గించండి.

స్లాట్ వేగం ఎందుకు ముఖ్యమో ఒక్క లెక్కతో తెలుస్తుంది. 1440 రెజల్యూషన్‌లో ఒక ఫ్రేమ్ అంటే 2560 ఇంటూ 1440 ఇంటూ 4 బైట్లు, దాదాపు 14.7 ఎంబీ. సెకనుకు 60 పంపితే 0.9 జీబీ దాకా. 4కేలో అదే దాదాపు 2 జీబీ. పీసీఐఈ 3.0 (కార్డు స్లాట్ల ప్రమాణం) ఎక్స్4 సెకనుకు దాదాపు 3.9 జీబీ మోస్తుంది కాబట్టి ఇరుకైనా సర్దుకుంటుంది. ఎక్స్1 అయితే 1 జీబీకి కాస్త తక్కువే, 1440లో 60కే గొంతుదాకా వచ్చేస్తుంది. ఎక్స్1 స్లాట్ ఉన్న బోర్డుతో దీన్ని ప్రయత్నించకండి.

ఒక నిజం కూడా చెప్పాలి. అల్లిన ఫ్రేములు మీ మౌస్‌కి స్పందించవు, కదలిక నునుపుగా కనపడుతుంది గానీ చేతికి తెలిసే వేగం ఆ 60దే, కాస్త ఆలస్యం కూడా కలుస్తుంది. కథ ఉన్న సింగిల్ ప్లేయర్ గేములకి, 60 దగ్గర తాళం వేసిన పాత గేములకి, కన్సోల్ గేముల్ని పీసీలో ఆడించే ఎమ్యులేటర్లకి బ్రహ్మాండం. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి పోటీ షూటింగ్ గేములు ఆడేవాళ్లకి వద్దే వద్దు. అసలు 30, 35 కూడా రాని గేమ్‌ని దీంతో 70 చేసుకోవచ్చనే ఆశ పెట్టుకోవద్దు, చూడ్డానికి బాగుంటుంది, ఆడ్డానికి బురదలో నడిచినట్టుంటుంది.

ఖర్చు లేకుండా ముందే రుచి చూడాలంటే మీ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే దాన్నే రెండో కార్డు అనుకుని, కేబుల్‌ని మదర్‌బోర్డు పోర్ట్‌కి పెట్టి 1080లో ఇదే వరస చేయండి. అది బలహీనంగా ఉంటే ఫ్లో స్కేల్ బాగా తగ్గించాల్సి వస్తుంది, కానీ ఈ పద్ధతి మీ కళ్లకు నచ్చుతుందో లేదో ఒక సాయంత్రంలో తేలిపోతుంది.

మిగతా ఉపయోగాలు, క్లుప్తంగా

ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లో 32 బిట్ CUDA (కార్డు మీద లెక్కలు నడిపే ఎన్విడియా పద్ధతి) సపోర్ట్ తీసేయడంతో మిర్రర్స్ ఎడ్జ్, బోర్డర్‌ల్యాండ్స్ 2 లాంటి, పగిలే గాజు, పొగ లాంటివి ఫిజ్‌ఎక్స్‌తో లెక్కగట్టే పాత గేములు ప్రాసెసర్ మీద పడి నత్తనడక నడిచాయి. కొందరు పక్కన చిన్న పాత ఎన్విడియా కార్డు పెట్టి, కంట్రోల్ ప్యానెల్‌లో ఫిజ్‌ఎక్స్‌ని దానికి అప్పగించి గట్టెక్కారు. తర్వాత 2025 చివర్లో డ్రైవర్ ద్వారా వాటిలో కొన్నింటికి సపోర్ట్ తిరిగిచ్చారు, కాబట్టి మీ గేమ్ ఆ జాబితాలో ఉందో లేదో ముందు చూడండి.

స్ట్రీమింగ్ కోసం రెండో కార్డు అడిగేవాళ్లకి: అక్కర్లేదు. కార్డులోనే వీడియోని కుదించే ఎన్‌కోడర్ విడిగా ఉంటుంది, గేమ్‌ని పెద్దగా కదిలించదు.

బ్లెండర్‌లో రెండర్ చేసేవాళ్లకి, ఇంట్లో ఏఐ మోడల్స్ నడిపేవాళ్లకి మాత్రం రెండు కార్డులు నిజమైన లాభం. సైకిల్స్ రెండరర్ పనిని ముక్కలు చేసి ఇద్దరికీ పంచుతుంది. భాషా మోడల్‌ని పొరలు పొరలుగా రెండు 3060ల మీద సర్దితే అక్కడ 12, 12 కలిసి 24 అవుతుంది. మా తమ్ముడు అడిగిన జతే, పని వేరు.

చివరి పని: మూడు సాయంత్రాలు ఆడి నిర్ణయించుకోండి

రెండో కార్డు కొనే ముందు వీలైతే స్నేహితుడి దగ్గర పాత కార్డు అరువు తెచ్చుకోండి. మీరు రోజూ ఆడే మూడు గేములు, రోజుకొకటి, రెండు కార్డులతో ఒక గంట, ఒక్క దానితో ఒక గంట ఆడండి, ఫ్రేమ్‌టైమ్ గ్రాఫ్ ఫొటో తీసుకోండి. మూడింటిలో రెండింటికైనా తేడా మీ కంటికి తెలిస్తే కొనండి. తెలియకపోతే కార్డు తీసేసి, డ్రైవర్ శుభ్రం చేయడానికి సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపి, ఉంచుకున్న కార్డు డ్రైవర్ మళ్లీ వేయండి. మానిటర్ కేబుల్‌ని పై కార్డుకి మార్చి, గ్రాఫిక్స్ సెట్టింగ్‌లో పెట్టిన ఎంపికను కూడా వెనక్కి తీసేయండి, అది మిగిలిపోతే కొన్ని గేములు లేని కార్డుని వెతుక్కుంటూ మొదలవ్వకుండానే మూసుకుపోతాయి.